కొత్త శాండర్‌కు చేతి బలం ఎందుకు అక్కర్లేదు?

టేకు తలుపు ఒకటి పాలిష్‌కు సిద్ధమవుతోంది. చిత్రిక పట్టడం అయింది. కొత్తగా కొన్న శాండింగ్ మెషీన్‌తో రెండు వైపులా రుద్దడమూ అయింది. అరచేత్తో నిమిరితే ఎక్కడా గరుకు తగలడం లేదు. మొదటి పూత పడి, చెక్క రంగు పైకి తేలగానే అసలు సంగతి బయటపడింది. తలుపు నిండా సూదితో గీసినట్టు చిన్న చిన్న సున్నాలు. పూత గీకేసి, పని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒక రోజు కూలి, వాడిన పాలిష్ రెండూ పోయినట్టే.

చేతి ఉప్పుకాగితం నుంచి మెషీన్‌కు మారుతున్న వర్క్‌షాపుల్లో ఇది తరచూ జరిగేదే. చౌక రకం అంటగట్టారని అమ్మినవాడిని తిట్టుకోవడమూ మామూలే. కానీ చాలాసార్లు తప్పు మెషీన్‌లో ఉండదు, చేతిలో ఉంటుంది. చేతితో రుద్దేటప్పుడు ఎంత నొక్కితే అంత పని జరుగుతుంది. ఏళ్ల తరబడి భుజానికి అలవాటైన సూత్రం అది. ఈ మెషీన్ దగ్గర అదే సూత్రం తలకిందులవుతుంది. ఎందుకో తెలియాలంటే దాని అడుగున ఉన్న గుండ్రటి ప్యాడ్ ఎలా కదులుతుందో చూడాలి.

రెండు కదలికలు

ఇప్పుడు వడ్రంగి పనిలో ఎక్కువగా కనిపిస్తున్నది 125 మిల్లీమీటర్ల గుండ్రటి ప్యాడ్ ఉన్న రకం. దీన్ని రాండమ్ ఆర్బిటల్ శాండర్ అంటారు. మోటారు ఇరుసుకు ప్యాడ్ సరిగ్గా మధ్యలో బిగించి ఉండదు. కాస్త పక్కకు జరిపి, ఒక బేరింగ్ మీద కూర్చోబెడతారు. మోటారు తిరిగినప్పుడు ప్యాడ్ మొత్తం ఒక బుల్లి వలయంలో ఊగుతుంది. ఆ వలయం వ్యాసం కొన్ని మెషీన్లలో 2.4 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 5 మిల్లీమీటర్లు. ఇది మొదటి కదలిక. దీన్ని మోటారే బలవంతంగా చేయిస్తుంది కాబట్టి ఎంత నొక్కినా అంత తేలిగ్గా ఆగదు.

రెండోది ప్యాడ్ తన చుట్టూ తాను తిరగడం. దీన్ని నేరుగా ఏ గేరూ తిప్పడం లేదు. బేరింగ్ లోపలి రాపిడికి ప్యాడ్ మెల్లగా, తనంతట తాను తిరుగుతుందంతే. రెండు కదలికలూ కలిసినప్పుడు ఉప్పుకాగితం మీది ఏ రేణువూ వెళ్లిన దారినే మళ్లీ వెళ్లదు. ఒక రేణువు గీసిన గీతను ఇంకొకటి అడ్డంగా కోస్తుంది. లక్షల గీతలు ఇలా ఒకదానినొకటి చెరిపేసుకుంటాయి. కంటికి నునుపుగా కనిపించేది ఆ చెరుపుడే.

చెక్క మీద గట్టిగా నొక్కితే, బలహీనమైన రెండో కదలిక ముందు ఆగిపోతుంది. ఊగడం మాత్రం సాగుతూనే ఉంటుంది. అప్పుడు ప్రతి రేణువూ ఉన్నచోటే సున్నాలు చుడుతుంది. తలుపు మీద పాలిష్ బయటపెట్టిన సున్నాలు ఇలా పుట్టినవే.

దీన్ని చూసి తెలుసుకోవడానికి ఓ సులువైన మార్గం ఉంది. ప్యాడ్ అంచు మీద మార్కర్ పెన్నుతో ఒక నిలువు గీత గీయాలి. మెషీన్‌ను చెక్క మీద నడుపుతూ ఆ గీతను గమనించాలి. అది మెల్లగా చుట్టూ తిరుగుతూ కనిపిస్తే ఒత్తిడి సరిపోయింది. ఒకేచోట నిలిచి వణుకుతూ ఉంటే చెయ్యి ఎక్కువ నొక్కుతోంది. కొత్త మెషీన్ కొన్నవాళ్లు మొదటి వారమంతా ఈ గీతను చెరగనివ్వకుండా ఉంచుకుంటే మేలు.

ఇంతకీ ఎంత ఒత్తిడి కావాలి? కరెంటు వైరుతో నడిచే ఈ సైజు మెషీన్ బరువు ఒకటిన్నర కిలో అనుకుందాం. ప్యాడ్ వైశాల్యం సుమారు 123 చదరపు సెంటీమీటర్లు. అంటే మెషీన్ తన బరువుతో తాను చదరపు సెంటీమీటరుకు 12 గ్రాముల చొప్పున నొక్కుతోంది. ఆ బరువుకు చెయ్యి బరువు కాస్త తోడైతే చాలు. దాని మీద ఐదు కిలోల ఒత్తిడి పెడితే అది 50 గ్రాములు దాటుతుంది, ప్యాడ్ తిరగడం మానేస్తుంది. ఇంకా పెద్ద తప్పు మెషీన్‌ను ఓ పక్కకు వంచడం. ఒక మచ్చ త్వరగా పోవాలని అంచుతో రుద్దితే, మొత్తం బరువు ప్యాడ్‌లో పదో వంతు మీదే పడుతుంది. అక్కడ ఒత్తిడి పది రెట్లవుతుంది. చెక్క మీద గుంట పడుతుంది. ప్లైవుడ్ మీద అతికించిన అలంకరణ వెనీర్ అయితే, దాని మందం తరచూ అర మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది కాబట్టి, కిందున్న పొర బయటపడడానికి కొన్ని క్షణాలు చాలు. అలా చిరిగిన వెనీర్‌కు మరమ్మతు లేదు.

యాంగిల్ గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ తగిలించి చెక్క రుద్దే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. రెండింటి మధ్య తేడా లెక్కేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నిమిషానికి 12,000 సార్లు ఊగే శాండర్, వలయం 2.4 మిల్లీమీటర్లయితే, సెకనుకు 200 చుట్లు చుడుతుంది. ఒక్కో చుట్టు సుమారు 7.5 మిల్లీమీటర్లు. అంటే రేణువు వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లు, మనిషి నడక వేగం. నిమిషానికి 11,000 సార్లు తిరిగే 100 మిల్లీమీటర్ల గ్రైండర్ డిస్క్ అంచు వేగం సెకనుకు 57 మీటర్లు దాటుతుంది. గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. గ్రైండర్ చెక్కను తొలిచే పనిముట్టు. శాండర్ చేసేది గీతలను చెరపడం. ఒకదాని నుంచి రెండోదానికి మారినవాళ్లకు శాండర్ మొదట్లో మందకొడిగా తోచడం సహజం. నొక్కాలనిపించేదీ అందుకే.

మొదటి పావుగంట

కొత్త మెషీన్‌ను ‘నలగనివ్వాలి’ అని షాపుల్లో చెబుతుంటారు. ఇందులో కొంత నిజం, కొంత అతిశయోక్తి ఉన్నాయి.

నిజమెంతో చూద్దాం. కరెంటుతో నడిచే చవక, మధ్యస్థాయి శాండర్లలో చాలావరకు కార్బన్ బ్రష్‌ల మోటారే ఉంటుంది. తిరిగే కమ్యుటేటర్‌కు కరెంటు అందించేవి ఈ రెండు చిన్న కార్బన్ దిమ్మెలే. కమ్యుటేటర్ గుండ్రంగా ఉంటుంది. కొత్త బ్రష్ ముఖం దాని వంపుకు పూర్తిగా అమరి ఉండకపోవచ్చు. ఆనేచోటు తక్కువగా ఉంటే కరెంటంతా ఆ కొంచెం మేర నుంచే పోవాలి. నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, వేడి పుడుతుంది. కొన్ని నిమిషాలు తిరిగితే బ్రష్ అరిగి, వంపుకు సరిపోతుంది. మొదట్లో వచ్చే సన్నటి కాలిన వాసనకు తరచూ ఇదే కారణం. బేరింగుల్లోని గ్రీజు కూడా అన్ని వైపులా సర్దుకోవడానికి కాస్త సమయం పడుతుంది.

అందుకని కొత్త మెషీన్‌ను మొదట తక్కువ వేగంలో, భారం లేకుండా నాలుగైదు నిమిషాలు, తర్వాత వేగం పెంచి ఇంకో రెండు మూడు నిమిషాలు తిప్పితే నష్టమేమీ లేదు. ప్యాడ్‌కు కాగితం అతికించే తిప్పాలి. చాలా కంపెనీల మాన్యువల్‌లలో ఈ మాట అసలు కనిపించదు, ఫ్యాక్టరీలోనే కొంత సర్దుబాటు జరిగిపోతుంది. బ్రష్‌లు లేని మోటారుకైతే ఇదేదీ అవసరమే లేదు. గంటల తరబడి ఖాళీగా తిప్పితే మాత్రం బేరింగులు అరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఆ కొద్ది నిమిషాల్లో చూడాల్సినవి వేరే ఉన్నాయి. బ్రష్‌ల దగ్గర చిన్న నీలి రవ్వలు పర్వాలేదు. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయం కనిపించినా, వాసన పావుగంటకీ తగ్గకపోయినా వారంటీ ఉండగానే వెనక్కి ఇవ్వాలి. ప్యాడ్ పైన ఓ రబ్బరు పట్టీ లాంటిది ఉంటుంది. అది ప్యాడ్‌కు బ్రేక్. మెషీన్‌ను గాల్లోకి ఎత్తినప్పుడు ప్యాడ్ మోటారు వేగాన్ని అందుకుని గిర్రున తిరగకుండా ఇది పట్టి ఉంచుతుంది. ఎత్తగానే ప్యాడ్ బొంగరంలా తిరుగుతోందంటే బ్రేక్ సరిగా లేదని అర్థం. అలా తిరుగుతున్న ప్యాడ్ మళ్లీ చెక్కకు తగిలిన క్షణంలో కత్తితో కోసినట్టు వంపు గాటు పడుతుంది. పాత మెషీన్లలో ఈ పట్టీ అరిగిపోతుంది. అది చిన్న విడిభాగం, దొరికితే మార్చేయడమే మంచిది.

ఇక మిగిలిన ‘నలగడం’ మనిషి చేతిదే. విలువైన పని మీద మొదలుపెట్టకుండా మామిడి, వేప లాంటి చెక్క ముక్క ఒకటి తీసుకుని దాని మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. గీతలన్నీ ఒకేసారి, ఒకే తీరున మాయమయ్యేలా మెషీన్ నడపడం అభ్యాసం చేయాలి. మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే చెయ్యి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ పరుగెడుతోందో తెలిసిపోతుంది. అంచుల దగ్గర ప్యాడ్‌లో మూడో వంతు కంటే ఎక్కువ బయటకు పోకూడదు. పోతే మెషీన్ వాలి, అంచు గుండ్రబడుతుంది.

చెయ్యి వేగం

సెకనుకు 200 సార్లు ఊగే ప్యాడ్‌ను సెకనుకు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున జరిపితే, ఒక ఊగుకూ ఇంకో ఊగుకూ మధ్య దూరం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. గీతలు దట్టంగా ఒకదానిపై ఒకటి పడతాయి. తుడుపుగుడ్డ ఊపినట్టు సెకనుకు 25 సెంటీమీటర్లు జరిపితే ఆ దూరం 1.25 మిల్లీమీటర్లవుతుంది. చెరపాల్సిన గీతలు చెరగకముందే మెషీన్ అక్కడి నుంచి వెళ్లిపోతుంది. కాబట్టి జానెడు దూరానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు పట్టాలి. చూసేవాళ్లకు పని జరగనట్టే ఉంటుంది. మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే కుర్రాడికి ఇలా నడపడం ఇంకా కష్టం. కానీ ఇలా ఓసారి రుద్దిన చోటు, గబగబా నాలుగుసార్లు రుద్దినదాని కంటే బాగా వస్తుంది. ఒక వరుస మీదికి తర్వాతి వరుస సగం వరకు ఎక్కేలా, మొదట చెక్క పేగు వెంట, తర్వాత అడ్డంగా పోవచ్చు. చివరి రుద్దుడు మాత్రం పేగు వెంటే ఉండాలి.

కురువిందం నుంచి కాగితం దాకా

మెషీన్ ఎంత ఖరీదైనదైనా చెక్కను కోసేది కాగితం మీది రేణువే. చెక్క పనికి వాడే కాగితాల్లో ఎక్కువ భాగం అల్యూమినియం ఆక్సైడ్ రేణువులవి. ఈ ఖనిజం ప్రకృతిలో దొరికినప్పుడు దాని పేరు కురువిందం. సంస్కృతంలో కురువింద, తమిళంలో కురుందం. ఇంగ్లీషులో వాడే కోరండమ్ అనే పేరు దక్షిణ భారత భాషల నుంచి వెళ్లినదే. ఎర్రగా ఉంటే కెంపు, నీలంగా ఉంటే నీలమణి, ఏ వన్నే లేకపోతే సానరాయి. మో కఠినత్వ కొలమానంలో దీని స్థానం 9, పైన ఉన్నది వజ్రమే. కాగితం మీదికి ఎక్కేది ఇప్పుడు గనిలోది కాదు, బాక్సైట్ నుంచి విద్యుత్ కొలిమిలో కరిగించి తయారుచేసినది. దానికంటే గట్టిది సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కనిపెట్టిన పదార్థం ఇది. పదును ఎక్కువ, కానీ పెళుసు. పాలిష్ పూతల మధ్య రుద్దడానికి బాగుంటుంది, పచ్చి చెక్క మీద త్వరగా విరిగి మొద్దుబారుతుంది.

కాగితం వెనుక ఉండే అంకె రేణువు సైజుకు గుర్తు. అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నది. ముందు ‘పి’ అక్షరం ఉంటే అది యూరప్ ప్రమాణం. పి80 కాగితం మీద సగటు రేణువు సుమారు 200 మైక్రాన్లు, పి120 మీద 125, పి180 మీద 80, పి220 మీద 68. చివరిది దాదాపు తల వెంట్రుక మందం. 80 తర్వాత 120, తర్వాత 180 అని ఎందుకు ఎక్కాలో ఈ అంకెలే చెబుతాయి. 200 మైక్రాన్ల రేణువు చేసిన లోతైన గాట్లను 68 మైక్రాన్ల రేణువు చెరపాలంటే అది చాలాసేపు తవ్వాలి. మధ్య మెట్టు మానేసి కాగితం ఆదా చేశామనుకునేవాళ్లు సమయం, కాగితం రెండూ ఎక్కువే ఖర్చుచేస్తారు. మెట్టు మారే ప్రతిసారీ పొడి తుడిచేయడం కూడా ముఖ్యమే. చెక్క మీద మిగిలిపోయిన ఒక్క పి80 రేణువు పి180 కాగితం కింద చిక్కితే మళ్లీ అవే సున్నాలు చుట్టేస్తుంది.

అరిగిపోయిన 80 నంబరు కాగితం 150 నంబరులా పనిచేస్తుందని ఓ నమ్మకం ఉంది. అది సరికాదు. రేణువు సైజు తగ్గలేదు, పదును పోయిందంతే. పదును పోయిన రేణువు కోయదు, ఒరుసుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి టేకులోని నూనె, సీలర్ పూత మెత్తబడి కాగితానికి గడ్డల్లా అతుక్కుంటాయి. పొడి త్వరగా పట్టకుండా కొన్ని కాగితాల మీద స్టియరేట్ అనే తెల్లటి పూత వేస్తారు. సబ్బును పోలిన పదార్థం అది. పాలిష్ మధ్య రుద్దే పనికి ఆ రకం తీసుకోవాలి.

వేడితో దెబ్బతినేది కాగితం ఒక్కటే కాదు. కాగితాన్ని పట్టి ఉంచే ప్యాడ్ ముఖం మీద సన్నటి ప్లాస్టిక్ కొక్కేలు ఉంటాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను పరిశీలించి, ఈ కొక్కేల పట్టీ ఆలోచన చేశాడు. మన పొలంగట్ల మీద మరులమాతంగి కాయ పంచెకు పట్టుకునే తీరూ ఇదే. గట్టిగా నొక్కి, పూర్తి వేగంలో నడిపితే ఈ కొక్కేలు కరిగి వంగిపోతాయి. కాగితం జారడం మొదలవుతుంది. చాలామంది కాగితం నాసిరకమని అనుకుంటారు, పాడైంది ప్యాడ్. కాగితం లేకుండా ప్యాడ్‌ను చెక్కకు తాకించినా ఇదే గతి. వానాకాలంలో తేమకు కాగితాలు చుట్టుకుపోతాయి. మూత ఉన్న డబ్బాలో, పైన చదునైన బరువు పెట్టి ఉంచితే సరిపోతుంది.

ప్యాడ్ బరువును బట్టి లోపల ఒక ఎదురు బరువు అమర్చి ఉంటుంది. ఊగుడు వల్ల వచ్చే వణుకును రద్దుచేయడం దాని పని. వేరే సైజు ప్యాడ్ బిగించినా, బరువైన దిమ్మె తగిలించినా ఆ తూకం చెడుతుంది. వణుకంతా చేతికి చేరుతుంది. రోజంతా, ఏళ్ల తరబడి అలా పనిచేస్తే వేళ్లు తిమ్మిరెక్కడం, చలికి తెల్లబడడం మొదలవుతాయి. యూరప్ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి సెకను వర్గానికి 2.5 మీటర్ల కంపనం దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 మీటర్లు దాటనివ్వకూడదు. మెషీన్ మాన్యువల్‌లో కంపనం అని రాసే అంకెను ఈ కొలతతో పోల్చి చూసుకోవచ్చు. పట్టు వదులుగా ఉంటే చేతికి చేరే వణుకు తగ్గుతుంది. నొక్కకూడదు అనడానికి ఇది ఇంకో కారణం.

పొడి

ప్యాడ్‌కు, కాగితానికి ఉండే చిల్లులు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుపడేలా అతికించాలి. లోపలి ఫ్యాన్ ఆ చిల్లుల గుండా పొడిని లాగి సంచిలోకి తోస్తుంది. చిల్లులు కలవకపోతే పొడి కాగితానికీ చెక్కకూ మధ్యే ఉండిపోతుంది. రేణువు కొనలు చెక్కను తాకవు, పొడి మీద తేలుతాయి. సంచి నిండినా ఇదే జరుగుతుంది. సగం నిండగానే ఖాళీ చేయడం, వీలైతే సంచి బదులు వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించడం పనితనం పెంచే మార్గాల్లో అన్నిటికంటే చవకైనవి. పీల్చుడు మరీ ఎక్కువైతే చదునైన పలకకు మెషీన్ అతుక్కుని ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

అసలు ప్రమాదం సంచిలోకి రాని పొడిలో ఉంది. రంపపు పొట్టు బరువైనది, కింద పడుతుంది. శాండర్ పొడిలో ఎక్కువ భాగం అలా కాదు. నీటితో సమానమైన సాంద్రత ఉన్న 10 మైక్రాన్ల కణం కదలిక లేని గాలిలో సెకనుకు 3 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. ముక్కు ఎత్తు నుంచి, అంటే ఒకటిన్నర మీటర్ల నుంచి, నేలకు చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. 5 మైక్రాన్ల కణానికి అరగంట. ఒక మైక్రాన్ కణానికి దాదాపు పన్నెండు గంటలు. ఫ్యాన్ తిరిగే గదిలో అది కిందికి దిగదనే చెప్పాలి. సాయంత్రం మెషీన్ ఆపి, మాస్క్ తీసి, టీ తాగుతూ పీల్చేది పగలు రేగిన పొడినే. కంటికి కనబడే పొడి ముక్కులోనే ఆగుతుంది. కనబడనిదే ఊపిరితిత్తుల లోపలి సంచుల దాకా వెళుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగానికి, దాని పక్క గుల్లలకు వచ్చే క్యాన్సర్‌తో దీని సంబంధం స్పష్టంగా కనిపించింది. ఫర్నిచర్ తయారీ కార్మికుల మీద జరిగిన అధ్యయనాలే ఇందుకు ప్రధాన ఆధారం. ఎండిఎఫ్ పలకల్లో జిగురుగా వాడే రెసిన్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్‌ను కూడా 2004లో అదే వర్గంలో పెట్టారు. టేకు, రోజ్‌వుడ్ పొడితో కొందరికి చర్మం దురద పెట్టడం, దద్దుర్లు రావడం వడ్రంగులకు ఎటూ తెలిసిన సంగతే. ఉబ్బసం కూడా రావచ్చు.

ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం మన షాపుల్లో అలవాటు. నేత పోగుల మధ్య సందులు ఈ కణాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. పైగా బుగ్గల పక్కనుంచి గాలి దారి చూసుకుంటుంది. కోవిడ్ రోజుల్లో అందరికీ పరిచయమైన ఎన్95 గానీ, మన దేశ ప్రమాణం ఐఎస్ 9473 ముద్ర ఉన్న ఎఫ్‌ఎఫ్‌పి2 గానీ ముఖానికి అంటుకునేలా పెట్టుకోవాలి. గుబురు గడ్డం ఉంటే మాస్క్ అంచు అతకదు. మెషీన్ ఆపాక కూడా కొంతసేపు తీయకూడదు. షాపులో ఒకే ఫ్యాన్ ఉంటే దాన్ని మనిషి ముఖం వైపు కాక, పొడిని గుమ్మం బయటకు తోసేలా పెట్టాలి. నేల ఊడ్వడం కంటే తడిగుడ్డతో తుడవడం నయం. ఊడిస్తే పన్నెండు గంటల లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఇదే మెషీన్‌తో గ్రానైట్ అంచులు, సిమెంటు గోడలు రుద్దడానికి కొందరు ప్రయత్నిస్తారు. రాతి పొడిలో సిలికా ఉంటుంది. అది సిలికోసిస్ అనే మానని జబ్బు తెస్తుంది. చెక్క పనికి తయారైన సంచి ఆ పొడిని ఆపలేదు.

పాత తలుపు వచ్చినప్పుడు

కొత్త శాండర్ ఉందని తెలిస్తే చుట్టుపక్కల వాళ్లు ముందుగా తెచ్చేది రంగు వేసిన పాత తలుపో, ఊయల బల్లో. అక్కడ కాసేపు ఆగాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలు మించకూడదని మన దేశంలో 2016లో నియమాలు చేశారు. అవి 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఎనామిల్ పూతల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. చెక్కకు అంటుకుని ఉన్నంతసేపు దానితో పెద్ద ముప్పు లేదు. శాండర్ దాన్ని పీల్చగలిగే పొడిగా మారుస్తుంది. ఆ పొడి బట్టలకు అంటుకుని ఇంటికి వెళుతుంది, నేల మీద పాకే పిల్లల చేతులకు, నోటికి చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం చేసే హాని మళ్లీ సరిదిద్దలేనిది.

అలాంటి తలుపును పొడిగా మెషీన్‌తో రుద్దకూడదు. నీళ్లతో తడుపుతూ వాటర్ పేపర్‌తో చేత్తో రుద్దడం, లేదా రంగు ఊడదీసే రసాయనం పూసి, గాలి ఆడేచోట గీకడం మేలు. తడిపేటప్పుడు కరెంటు మెషీన్ దగ్గర ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు. గీకిన తుక్కును ప్లాస్టిక్ పట్టా మీద పోగుచేసి మూటకట్టాలి. కాల్చకూడదు. ఆ పని చేసిన బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

రోజు ముగిశాక మెషీన్‌కు రెండు నిమిషాలు చాలు. ఎక్కువసేపు తక్కువ వేగంలో భారం మీద నడిచి ఉంటే, చల్లార్చే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంది కాబట్టి మోటారు బాగా వేడెక్కి ఉంటుంది. భారం లేకుండా పూర్తి వేగంలో కాసేపు తిప్పితే గాలి లోపలి వేడిని బయటకు తీసుకుపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు తీసేసి, గాలి రంధ్రాలను మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయాలి. సంచిని ఆ రాత్రికి అలాగే వదలకూడదు. పూత పొడి, చెక్క పొడి కలిసి గట్టిగా కుక్కుకున్న సంచిలో వేడి బయటకు పోలేక రాజుకున్న సందర్భాలు ఉన్నాయి. మేకు తలకు కాగితం రాసుకున్నప్పుడు లేచిన చిన్న రవ్వ సంచిలోకి వెళ్లినా అంతే. సంచిని బయట, గాలి వాలుకు వీపు పెట్టి, మాస్క్ ఉండగానే దులపాలి. పాలిష్ తుడిచిన నూనె గుడ్డలను ఆ పొడి కుప్పకు దూరంగా, విడివిడిగా ఆరేయాలి.